అడిగే పెట్టె

కుక్కని దేశం దాటించాలంటే కావలసిన కాగితాలు తొమ్మిది. మొదటి ఎనిమిదింటితో నాకు పేచీ లేదు. తొమ్మిదోది మాత్రం నా గదిలోనే పుట్టాలి. దానికోసం వచ్చినవాళ్లలో నన్ను తిట్టుకోకుండా వెళ్లినవాళ్లు తక్కువ. తిట్టుకోనివ్వండి, నాకేం నష్టం లేదు.

నా పేరు శేషారత్నం. పశువుల డాక్టర్ని. యాభై తొమ్మిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోనందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. విశాఖపట్నంలో పెదవాల్తేరు మెట్ట మీద మా పరిశోధనశాల ఉంది. పదకొండేళ్ల క్రితం నేనూ, నా శిష్యులిద్దరూ కలిసి అక్కడ ఒక యంత్రం తయారుచేశాం. కాగితాల మీద దాని పేరు ఒక లైను పొడుగుంటుంది. మా అటెండరు పైడితల్లి మాత్రం మొదటి రోజే దాన్ని "అడిగే పెట్టె" అంది. అదే ఖాయమైపోయింది.

పెట్టె చేసే పని కుక్కని అడగడమే. "నిన్ను ఫలానా చోటికి తీసుకెళ్తున్నారు. వస్తావా?" అని. కుక్కకి మాటల్లో అడిగితే ఏం తెలుస్తుంది? అందుకని వాసనల్లో అడుగుతాం. దక్షిణ సముద్రంలో ఉన్న ఒక ద్వీపదేశం ఆరేళ్ల క్రితం చట్టం చేసింది. తనంతట తాను ఒప్పుకోని జంతువు తమ గడ్డ మీద కాలు పెట్టకూడదని. ఆ ఒప్పుకోలు కాగితమే తొమ్మిదోది. అప్పటినుంచి ఆ దేశం వెళ్లే కుక్కలూ పిల్లులూ అన్నీ నా దగ్గరికే వస్తున్నాయి.

గవ్వ వచ్చింది జూన్ నెలలో ఒక సోమవారం పొద్దున.

తెలుపు మీద గోధుమరంగు మచ్చలున్న వీధికుక్క. ఆడది. నాలుగేళ్లుంటాయి. తీసుకొచ్చినాయన త్రినాథ్, ఓడల మరమ్మతు పని చేసే మెకానిక్కు. ఇక్కడి యార్డు మూతపడటంతో ఆ ద్వీపదేశంలో పని సంపాదించుకున్నాడు. ఆయన వెనక పదేళ్ల కూతురు జోషిత, కుక్క పట్టీ చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడింది. విమానం ఇంక పదకొండు రోజులుంది.

ఫైలు చూడగానే ముచ్చటేసింది. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో సగం తప్పుల తడకలు. ముందు రేబీస్ ఇంజెక్షన్ వేయించేస్తారు, తర్వాత తీరిగ్గా చర్మం కింద గుర్తింపు చిప్పు పెట్టిస్తారు. చిప్పు లేకుండా వేయిస్తే ఆ ఇంజెక్షన్ ఏ కుక్కకి వేశారో ఎవరు చెప్పాలి? చెల్లదు. మళ్లీ మొదటికి రావాలి. ఈ ఫైల్లో మాత్రం చిప్పు ముందు, ఇంజెక్షన్ తర్వాత, నెల ఆగి రక్తపరీక్ష, ఆ తర్వాత ఆగాల్సిన ఆరు నెలలూ, నులిపురుగుల మందు ఎప్పుడు వేయించాలో దాంతో సహా అన్నీ వరసలో ఉన్నాయి. బోను కొలతలు కూడా రాసి ఉన్నాయి, కుక్క లేచి నిలబడి వెనక్కి తిరగడానికి ఎంత చోటు కావాలో బొమ్మ గీసి మరీ. ప్రతి కాగితం మూలా నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు.

"ఎవరండీ ఇంత శ్రద్ధగా పెట్టింది?" అన్నాను.

"ఇంట్లోవాళ్లు, మేడమ్" అన్నాడు త్రినాథ్.

యజమాని పేరున్న చోట ఒక పేరు కొట్టేసి, పైన "త్రినాథ్" అని రాసి, పక్కన ఆఫీసు ముద్ర వేసి ఉంది. అలాంటి దిద్దుబాట్లు రోజుకు పది చూస్తాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉండాల్సింది.

పైడితల్లి కుక్క నెత్తి తడిగుడ్డతో తుడిచి, మెత్తటి టోపీ తొడిగింది. ముక్కుకి ఎదురుగా రెండు గొట్టాలు పెట్టాం. ఒక దాంట్లోంచి ఇంటి వాసన వస్తుంది. దానికి వాళ్ల గుమ్మం దగ్గరి మట్టీ, వాకిట్లో పరిచే గోనెపట్టా తెమ్మంటాం. రెండో దాంట్లోంచి వెళ్లబోయే దేశపు వాసన వస్తుంది. అక్కడి మట్టీ, గడ్డీ, వానా సీసాల్లో పట్టి వాళ్లే పంపుతారు. అందులో తీసుకెళ్లే మనిషి మెడ తుడిచిన తువ్వాలు వాసన కలుపుతాం. కుక్క మనసు ఎటు మొగ్గుతుందో టోపీకి తెలుస్తుంది. వస్తానంటే పచ్చ దీపం, రానంటే ఎర్రది, తేల్చుకోకపోతే పసుపు. పక్కనే కాగితం మీద గీత పడుతూ ఉంటుంది.

మోసం చేద్దామని చూసేవాళ్లూ ఉంటారు. ఒక పెద్దమనిషి జేబులో వేయించిన కోడికార్జం పెట్టుకొచ్చాడు. కుక్క వస్తానంది, కార్జంతో. ఆయన్ని గదిలోంచి బయటికి పంపేశాను.

గవ్వ అలాంటి కుక్క కాదు. త్రినాథ్ వాసన తగలగానే తోక ఆడించింది. జోషితది తగలగానే లేచి నిలబడింది. కొత్త మట్టి వాసన కలిసేసరికి వెనక్కి లాక్కుంది. సరే, ఇంటి మీద బెంగ అనుకుని ఇంటి గొట్టం తెరిచాను. అక్కడా కుదురుకోలేదు. కాగితం మీద గీత పైకే పాకుతోంది, దిగడంలేదు.

ఆ గీత నాకు బాగా తెలుసు. సాయంత్రం బడి వదిలే వేళకి ఇంట్లో కుక్కలకి టోపీ పెట్టి చూస్తే సరిగ్గా అలాగే లేస్తుంది. పిల్లలు గుమ్మంలోకి రాగానే దిగిపోతుంది. దాన్ని మేం ఎదురుచూపు గీత అంటాం. గవ్వది మాత్రం దిగడంలేదు. ఎదురుగా ఆ ఇంటివాళ్లిద్దరూ కూర్చునే ఉన్నారు.

ఇంతలో పైడితల్లి గొట్టం తుడవడానికి స్పిరిట్టు సీసా మూత తీసింది. గవ్వ ఒక్క ఉదుటున లేచి గది తలుపు వైపు చూసింది. తోక ఊపుతూ నిలబడింది. ఎవరూ రాలేదు. కూర్చుంది. ఎర్ర దీపం వెలిగింది.

"రానంటోంది" అన్నాను.

"కుక్క రాననడం ఏంటి మేడమ్?" అన్నాడు త్రినాథ్. గొంతు పెంచలేదు. "నేను పెట్టిందే తింటాది. మా పాప లేకపోతే అన్నం ముట్టదు. మేం వెళ్లిపోతే అదెక్కడుంటాది?"

"ఇంకొక్కసారి అడగొచ్చు. వచ్చే శనివారం రండి. అప్పుడూ రానంటే ఆ దేశం దానికి మూసేసినట్టే."

జోషిత ఏడవలేదు, బతిమాలలేదు. వంగి కుక్క నెత్తి మీద తడి తన గౌనుతో తుడిచింది. వెళ్తూ వెళ్తూ మాత్రం, "ఆంటీ, దానికి మా మీద కోపమా?" అని అడిగింది.

"కోపం కాదమ్మా" అన్నాను. మరి ఏమిటో నాకూ తెలియదు.

వాళ్లు వెళ్లాక పైడితల్లి టోపీ కడుగుతూ నన్నొక చూపు చూసింది. ఆవిడది శ్రీకాకుళం వైపు. మనసులో ఒకటి పెట్టుకుని బయటికి ఇంకోటి అనడం చేతకాదు.

"డాట్రమ్మా, ఆ పాప జడ సూసినారా?"

"జడేమిటి?"

"ఒంకరటింకర. మొగోడు ఏసిన జడ. ఆ పాపకి తల్లి లేదు. మీరు కుక్కనైతే ముక్కుకాడికంటా సూసినారు గానీ, పిల్లని సూణ్ణేదు."

నాకు కోపం వచ్చింది, నా మీదే. ఫైలు మళ్లీ తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాను. కొట్టేసిన పేరు సునంద. పక్కన వృత్తి దగ్గర, నర్సు.

మర్నాడు మధ్యాహ్నం మర్రిపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. వెళ్లాలన్న రూలేం లేదు. అలా వెళ్లడం కూడదనే రూలు మాత్రం ఉంది.

మూడు గదుల పోర్షను, ముందర చిన్న వాకిలి, ఇనప గేటు. గేటుకి గొళ్లెం వేయలేదు. చేరవేసి వదిలేశారు. ఊళ్లో దొంగల భయం లేదా అంటే త్రినాథ్ తల దించుకుని, "గొళ్లెం వేస్తే గవ్వ ఊరుకోదు మేడమ్, అరుస్తాది" అన్నాడు.

టీ ఇచ్చాడు. చక్కెర ఎక్కువైంది, తాగాను. జోషిత చాప మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. గవ్వ దాని పక్కనే పడుకునుంది. నాలుగుంబావు దాటాక ఎవరూ పిలవకుండానే లేచింది. ఒళ్లు విరుచుకుని వాకిట్లోకి వెళ్లి గేటుకి ముక్కు ఆనించి కూర్చుంది. వీధిలో స్కూటర్ చప్పుడైనప్పుడల్లా దాని చెవులు లేస్తున్నాయి. స్కూటర్ వెళ్లిపోగానే పడిపోతున్నాయి.

"రోజూ ఇంతేనా?"

"ఏడున్నర దాకా. తర్వాత లోపలికొచ్చి తింటాది."

అప్పుడు చెప్పాడు త్రినాథ్. సునంద ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు. పొద్దున ఏడున్నరకి స్కూటర్ మీద వెళ్లి, సాయంత్రం నాలుగున్నరకి వచ్చేది. గవ్వని తెచ్చింది ఆవిడే. బీచిలో పడవల కింద, కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లని చీరకొంగులో చుట్టి తెచ్చింది. విదేశం వెళ్దామన్నదీ ఆవిడే. అక్కడ నర్సులు కావాలంటున్నారని, ముగ్గురూ కలిసి, గవ్వతో సహా వెళ్దామని. అందుకే ఫైలు తనే మొదలుపెట్టింది. ఎనిమిది నెలల క్రితం ఒక గురువారం డ్యూటీలోనే పడిపోయింది. మెదడులో నరం చిట్లింది. మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

"ఇంటికి తెచ్చారా?"

"మూడింటికి తెచ్చాం. అయిదింటికి తీసుకెళ్లిపోయాం."

"అప్పుడు గవ్వ ఎక్కడుంది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు.

"మా పెద్దక్క అంది మేడమ్. కుక్క శవాన్ని ముట్టుకుంటే దోషమని, ముందు దాన్ని ఇంట్లోంచి పంపేయమని. అంబులెన్సు రాకముందే ఆటోలో గోపాలపట్నం పంపేశాను. అక్కావాళ్ల పెరట్లో కట్టేశారు. పన్నెండు రోజులయ్యాక తెచ్చాను. అప్పటికి ఇల్లంతా కడిగేశారు. సునంద బట్టలూ, దుప్పట్లూ, చెప్పులూ అన్నీ ఇచ్చేశారు. పట్టీ విప్పగానే ఇల్లంతా తిరిగింది. ప్రతి మూలా మూచూసి మూచూసి, గేటు దగ్గరికెళ్లి కూర్చుంది. అంతే."

మన ఇళ్లలో అందరూ చేసేదే ఆయనా చేశాడు. పోయినవాళ్ల గుడ్డపీలికైనా మిగల్చకుండా ఇచ్చేస్తాం, నేలంతా నీళ్లు పోసి కడుగుతాం. మనుషులం కాబట్టి మనకి సరిపోతుంది. గవ్వ మాత్రం ఆవిడ గేటు దాటి వెళ్లడం చూసింది. తిరిగి రావడం చూడలేదు. దాని లెక్కలో ఆవిడ ఇంకా డ్యూటీలోనే ఉంది. స్పిరిట్టు వాసనకి అదెందుకు లేచిందో నాకప్పుడు అర్థమైంది.

నేను లేచి వస్తుంటే జోషిత నా కొంగు పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. బడిసంచిలో పుస్తకాల అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. మూడు రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. లోపల దిండు గలీబు, నీలం పువ్వులది.

"అమ్మది. బట్టలన్నీ మూట కడుతుంటే దాచేశాను. నాన్నకి తెలుసు, అత్తకి తెలీదు" అంది. "నెలకి ఒక్కసారే తీస్తాను ఆంటీ. ఎక్కువసార్లు తీస్తే వాసన అయిపోతుంది."

నాకు చూపించింది కానీ తెరవలేదు. నేనూ తెరవమనలేదు.

గురువారం త్రినాథ్ ఒక్కడే పరిశోధనశాలకి వచ్చాడు. రెండు రాత్రులు నిద్రపోనట్టున్నాడు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మేడమ్, ఆ గలీబు మీ గొట్టంలో కలిపితే? అక్కడి మట్టి వాసనా, దాని వాసనా కలిపి ఇస్తే వస్తానంటాది కదా."

అంటుంది. తప్పకుండా అంటుంది. ఆవిడ అక్కడుందనుకుని పరిగెత్తుకుంటూ బోనెక్కుతుంది. యంత్రం కట్టినదాన్ని, నాకు తెలియదా? పచ్చ దీపం వెలుగుతుంది, నేను సంతకం పెడతాను, ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

"కూర్చోండి" అన్నాను. "మీకొకటి చెప్తాను. ఈ పెట్టె నేనెందుకు కట్టానో."

పద్నాలుగేళ్ల క్రితం బ్రౌనీ అని ఒక ముసలి కుక్క ఉండేది. దాని యజమాని మంచం పట్టాడు. చూసేవాళ్లు లేక దాన్ని విదేశంలో ఉన్న బంధువులకి పంపారు. అప్పుడు సమ్మతి గిమ్మతి లేదు. ఎనిమిది కాగితాలే. ఎనిమిదోది నాది, ఆరోగ్యంగా ఉందని. నిజంగానే ఆరోగ్యంగా ఉంది. అక్కడ దిగాక తలుపు వైపు చూస్తూ పడుకుంది. అన్నం ముట్టలేదు. పంతొమ్మిదో రోజున పోయింది. కాగితాల్లో ఒక్క తప్పు కూడా లేదని వాళ్లే ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. తీసి ఆయన ముందు పెట్టాను. చదవలేదు, పక్కకి జరిపాడు.

"మరేం చెయ్యమంటారు?" అన్నాడు. "ఇక్కడ వదిలేస్తే గోపాలపట్నం నుంచైనా నడిచి ఆ గేటు దగ్గరికే వస్తాది. అప్పటికి ఆ ఇంట్లో ఇంకెవరో ఉంటారు. కర్ర పట్టుకుని తోలతారు. పాపేమో అది రాకపోతే నేనూ రానంటోంది. నేను వెళ్లకపోతే బతికేదెలా? పైగా ఆ ఇంట్లో నేనుండలేకపోతున్నాను మేడమ్. సాయంత్రమైతే అదలా కూర్చుంటే, నాకూ ఏదో... స్కూటర్ చప్పుడు వినగానే నేనూ తలెత్తుతున్నాను."

ఆయన ఏడ్చాడు. నాకు ఓదార్చడం చేతకాదు. మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపాను.

"ఆ గలీబు మీది కాదు, నాది కాదు" అన్నాను. "శనివారం దాన్నీ, పిల్లనీ తీసుకురండి. పిల్లనే అడుగుదాం."

శనివారం పొద్దున తొమ్మిదింటికే వచ్చారు. జోషితని నా ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ల నాన్న అడిగినదేమిటో దాచకుండా చెప్పాను. అది శ్రద్ధగా వింది.

"అక్కడికెళ్లాక అమ్మ కనిపించదు కదా" అంది. "అక్కడ కూడా వెతుకుతుంది కదా ఆంటీ?"

"వెతుకుతుంది."

"ఎన్నాళ్లు?"

"తెలియదమ్మా."

కాళ్లాడిస్తూ కాసేపు ఆలోచించింది. "ఇది అడిగే పెట్టె కదా. చెప్పదా?" అంది.

"ఏం చెప్పాలి?"

"అమ్మ చచ్చిపోయిందని. నాకైతే అందరూ చెప్పారు. దానికి ఎవరూ చెప్పలేదు."

త్రినాథ్ గోడ వైపు తిరిగిపోయాడు.

చెప్పొచ్చు. చెప్పే దారి ఉంది. రెండేళ్ల క్రితం మా ఆవరణలో ఒక తల్లికుక్క చచ్చిపోతే, పిల్లల్ని దగ్గరికి పోనిచ్చాం. అవి ముక్కు పెట్టి చూశాయి. సాయంత్రానికల్లా వాటి ఎదురుచూపు గీతలు దిగిపోయాయి. కళేబరం చూడని పిల్ల ఒకటుంది, దానిది నెల దాకా దిగలేదు. చావు వాసనేమిటో కుక్కలకి తెలుసు. పోలీసు కుక్కల శిక్షణ కోసం తయారుచేసిన ఆ వాసన మా దగ్గర సీసాలో ఉంది. మనిషి వాసనా, ఈ వాసనా కలిపి ఇస్తే చెప్పినట్టే. ఇంట్లో పెంచే కుక్కకి అలా చెప్పిన సందర్భం మాత్రం అంతవరకూ లేదు.

"చెప్పొచ్చు. కానీ ఒకటుందమ్మా. ఎనిమిది నెలల పాత గుడ్డ. ఇందులో వాసన చాలా కొంచెమే మిగిలి ఉంటుంది. వేడిగాలి పెట్టి మొత్తం లాగేస్తేనే గవ్వకి చాలుతుంది. ఆ తర్వాత గలీబులో ఏమీ ఉండదు. మామూలు గుడ్డ అయిపోతుంది."

"మొత్తమా?"

"మొత్తం."

బడిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేం ఎవరం తొందరపెట్టలేదు. చివరికి రబ్బరు బ్యాండ్లు ఒకటొకటే తీసింది. గలీబులో మొహం పెట్టుకుంది. పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఎంతసేపు అలా ఉందో చెప్పలేను, నేను గడియారం వైపు చూడలేదు. తర్వాత వాళ్ల నాన్నకి ఇచ్చింది. ఆయన కూడా మొహానికి ఆనించుకుని, తిరిగి నా చేతిలో పెట్టాడు.

వాసన లాగడానికి నలభై నిమిషాలు పట్టింది. బొటనవేలంత సీసా నిండింది.

గవ్వకి టోపీ తొడిగాం. ముందు సునంద వాసన ఒక్కటే వదలాలి, గవ్వ గుర్తుపట్టాక రెండోది కలపాలి. వదిలాను.

అంత సంతోషాన్ని నేనింతకు ముందు ఏ జంతువులోనూ చూడలేదు. గవ్వ ఒళ్లంతా ఊగిపోయింది. చిన్నపిల్లలా కుంయ్ కుంయ్‌మంటూ గొట్టంలోకి మూతి దూర్చింది. ముందుకాళ్లతో బల్లని తవ్వేసింది. తిరిగి జోషిత వైపు చూసింది, వచ్చింది చూడు అన్నట్టు. మళ్లీ గొట్టంలోకి. రెండో గొట్టంలో ఆ దేశపు మట్టి వాసన సన్నగా వస్తూనే ఉంది. నేనింకా ఏమీ అడగకుండానే పచ్చ దీపం వెలిగింది.

"మేడమ్" అన్నాడు త్రినాథ్, "పచ్చది. వెలిగింది. చాలు మేడమ్, ఇక్కడితో ఆపేయండి. మీకు దండం పెడతాను."

నిజం చెప్పాలంటే నా చెయ్యి ఆగిపోయింది. రెండో సీసా మర మీద వేళ్లున్నాయి, తిప్పబుద్ధి కాలేదు. కాగితం బయటికొస్తోంది. చింపి సంతకం పెడితే పని అయిపోతుంది. అంత ఆనందంగా ఉన్న ప్రాణికి చావు కబురు చెప్పడానికి నేనెవరు?

జోషిత వైపు చూశాను. గవ్వ సంతోషం చూస్తూ అదీ నవ్వుతోంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఎనిమిది నెలల్లో పాప ఏడవడం అదే మొదటిసారని త్రినాథ్ తర్వాత చెప్పాడు. నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం కదా ఆంటీ" అంది. "చెప్పెయ్యండి."

తిప్పాను.

మెల్లగా కలిపాను, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా. ముందు తోక ఆగింది. మూతి గొట్టంలోంచి తీసి ఒకడుగు వెనక్కి వేసింది. మళ్లీ దగ్గరికొచ్చి మూచూసింది. తను పొరపడిందేమో అన్నట్టు ఇంకోసారి, ఇంకోసారి. తర్వాత చెవులు వెనక్కి వాలిపోయాయి. నేల మీద పొట్ట ఆనించి పడుకుంది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది మొరగడం కాదు, మూలగడం కాదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను వినని చప్పుడు.

కాగితం మీద గీత దిగడం మొదలుపెట్టింది. ఎదురుచూపు గీత దిగాలనే నేనెప్పుడూ కోరుకుంటాను. ఆ రోజు దిగుతుంటే చూడలేకపోయాను.

త్రినాథ్ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. కుక్క పక్కన చెయ్యి పెట్టి, "తప్పైపోయింది గవ్వా. నిన్ను పంపేయకుండా ఉండాల్సింది. నీకు చూపించాల్సింది" అంటూనే ఉన్నాడు. గవ్వ అలాగే పడుకుంది. కొంతసేపటికి ఆయన చెయ్యి నాకింది. లేచి జోషిత దగ్గరికెళ్లి పాదాల నుంచి నెత్తిదాకా మూచూసింది, ప్రతి వేలూ, జడ చివర కూడా. తర్వాత దాని కాళ్ల మధ్య దూరి కూర్చుంది.

గొట్టాలు కడిగి, గదంతా గాలి ఆడనిచ్చి, అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. కొత్త మట్టీ, వీళ్లిద్దరూ. ఇంకేమీ కలపలేదు. చాలాసేపు పసుపు దీపమే ఉంది. తర్వాత పచ్చది వెలిగింది. గవ్వ తోక ఆడించలేదు. వస్తానంది, అంతే.

నేను సంతకం పెట్టాను. ఖాళీ గలీబుని మడతపెట్టి జోషితకిచ్చాను. అది వాసన చూడకుండా సంచిలో పెట్టుకుంది.

తొమ్మిదో కాగితం మీద ముద్ర పడి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పైడితల్లి చేత పంపొచ్చు. విమానం శుక్రవారం. నేను గురువారం నాడు స్వయంగా మర్రిపాలెం వెళ్లాను. గవ్వ ఎలా ఉందో చూడాలనిపించింది.

వీధి మలుపు తిరిగేసరికి నాలుగున్నర అయింది. గేటు ఇంకా అలాగే చేరవేసి ఉంది. గేటు దగ్గర గవ్వ లేదు. తెరిచిన తలుపులోంచి అది లోపల చాప మీద పడుకుని కనిపిస్తోంది. చుట్టూ కట్టేసిన పెట్టెలు, బోను.

గేటు లోపల, గోనెపట్టా మీద, జోషిత కూర్చునుంది. రెండు చేతులతో ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

"ఇక్కడ కూర్చున్నావేమ్మా?" అన్నాను.

"నాలుగున్నర అయింది కదా ఆంటీ."

"గవ్వ లోపలే ఉంది కదా."

"అది మానేసింది" అంది. "ఇన్నాళ్లూ అది చూసేది, నేను లోపల హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని. ఇప్పుడు చూడ్డానికి ఎవరూ లేరు కదా."

కుక్క మనసు తెలుసుకోవడానికి యంత్రం కట్టినదాన్ని, కుక్కకి నిజం చెప్పినదాన్ని. ఆ పిల్లకి అందరూ చెప్పేశారని నేనూ నమ్మాను. అది విన్నది వేరు, దాని తరఫున ఆ కుక్క ఎదురుచూస్తూ కూర్చున్నది వేరు. ఆ ఇంట్లో ఆఖరి ఆశ గవ్వ దగ్గరుండేది. నా చేత్తో నేనే తీసేశాను.

వీధి చివర స్కూటర్ తిరిగింది. జోషిత సగం లేచింది. పసుపు చీర కట్టుకున్న ఒకావిడ మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. జోషిత కూర్చుంది.

నేను చెప్పులు విప్పి దాని పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. నా మోకాళ్లు నొప్పి, కింద కూర్చుని చాలా ఏళ్లయింది. కొంతసేపటికి గవ్వ లోపలి నుంచి వచ్చింది. వీధి వైపు చూడలేదు. గేటుకి వీపు పెట్టి, పాప మొహం వైపు తిరిగి, దాని పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఏడున్నర దాకా అలాగే ఉన్నాం. అప్పుడు త్రినాథ్ లోపలి నుంచి వచ్చాడు. పాపని ఎత్తుకున్నాడు. అది వాళ్ల నాన్న భుజంలో మొహం దాచుకుని గొంతెత్తి ఏడ్చింది. ఆయన దాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో గేటు మూసి గొళ్లెం వేశాడు.

గవ్వ అరవలేదు.